వారానికి ఒక రోజు సాధించాడాయన, మనం నెలకో ఫోటో దిగతన్నాం

ఎడిటర్ గారికి నమస్కారం అండీ,

మొన్న డిసెంబర్ 15 అయిన తెల్లారి మీ జిల్లా పేజీ చూశాను. పొట్టి శ్రీరాములు గారి విగ్రహానికి దండలేసిన ఫోటోలు లెక్కపెడితే ఆరు తేలాయి, ఆరింట్లోనూ విగ్రహం సగమే కనపడతంది, ముందు నిలబడ్డోళ్ళు మాత్రం ఫుల్లుగా కనపడతన్నారు. సరే అది ఎప్పుడూ ఉండేదే. అన్నిటి కిందా రాసింది మాత్రం ఒకటే, 58 రోజులు నిరాహార దీక్ష చేశారు, ప్రాణం ఇచ్చారు, ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. కాదన్లేదు. 1952 అక్టోబర్ 19న మద్రాసులో బులుసు సాంబమూర్తి గారింట్లో దీక్షకి కూర్చోని డిసెంబర్ 15 రాత్రి పోయారు, ఇది స్కూలు పిల్లకాయలు కూడా చెప్తారు. అంతకుముందు ఆయన చేసిన దీక్షలు ఎందుకోసం అని అడిగితే మాత్రం ఆ దండలేసినోళ్ళలో ఒక్కరన్నా చెప్తారా అని నా డౌటు. జిల్లాకి 2008లో ఆయన పేరు పెట్టుకున్నాం, అమరావతిలో 58 అడుగుల విగ్రహం అంటన్నారు, నెల్లూరు మూలపేటలో ఆయన అన్నం మానేసి కూర్చున్న సంగతి మాత్రం నెల్లూరోళ్ళకే తెలీదు.

1946లో జరిగింది అది. మూలపేట వేణుగోపాలస్వామి గుడిలోకి అప్పట్లో హరిజనులని పిలిచే (ఇప్పుడు ఆ మాట వాళ్ళు ఒప్పుకోరు, నేనూ వాడను) దళితుల్ని రానిచ్చేవాళ్ళు కాదు. శ్రీరాములు గారు వాళ్ళని రానిచ్చిందాకా తిననని కూర్చున్నారు. తలుపులు తెరిచారు. అంతటితో ఊరుకోలేదు, అదే సంవత్సరం చివర్లో మద్రాసు రాష్ట్రంలో ఉండే గుళ్ళన్నిట్లోకీ రానిచ్చేట్టు చట్టం చెయ్యాలని మళ్ళీ మొదలెట్టారు. కాంగ్రెస్ పెద్దోళ్ళకి తలనొప్పి అయ్యింది, స్వరాజ్యం గుమ్మం దాకా వచ్చింది ఇప్పుడు ఈ గుడి గొడవేందయ్యా అని ఎంత చెప్పినా వినలేదు, ఆఖరికి గాంధీ గారు కల్పించుకుంటే గానీ మానలేదు. 1947లో మద్రాసు ఆలయ ప్రవేశ చట్టం వచ్చింది. ఆయనొక్కడి వల్లే వచ్చిందని నేననను, 1936లో తిరువాన్కూరు మహారాజు ఆలయ ప్రవేశ ప్రకటన ఉంది, 1939లో మధుర మీనాక్షి గుడి తెరిచిన వైద్యనాథయ్యరు గారున్నారు, చాలామంది చేశారు. మన ఊళ్ళో మన వీధిలో చేసింది మాత్రం ఈయన.

మేం వైశ్యులం అండీ, శ్రీరాములు గారి కులమే. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు, ఎందుకు చెప్తన్నానో చివరిదాకా చదివితే తెలుస్తుంది. మా తాతకి పెద్ద బజార్లో కిరాణా కొట్టు ఉండేది. ఆయన చెప్పేవాడు, నట్టెండలో చెప్పుల్లేకుండా గొడుగు లేకుండా మెడలో ఒక అట్ట కట్టుకోని నడిచిపోతుండేవాడంట శ్రీరాములు, ఆ అట్ట మీద అంటరానితనం పోవాలి, అందర్నీ గుళ్ళోకి రానియ్యాలి అని రాసుండేదంట. కొట్లలో కూర్చున్న మనోళ్ళు చూసి ఎట్టా నవ్వుకునేవాళ్ళంటే, పాపం పెళ్ళాం బిడ్డ పోయినాక మతి చెడింది అనేవాళ్ళంట. ఆయన ఏ కులం ఇంట్లో పెడితే ఆ ఇంట్లో తినేవాడు కాబట్టి కులంలో పెద్దలు చివాట్లు కూడా పెట్టారు. తాత ఇది చెప్పి చివర్లో నవ్వేవాడు కాదు. "మేమూ నవ్వినోళ్ళమే రా" అనేవాడు. అంతే, ఇంకేం అనేవాడు కాదు. ఇప్పుడు అదే కులం వాళ్ళం ఊరూరా ఆయన విగ్రహం పెట్టి మావాడు మావాడు అంటన్నాం.

ఆయన బొంబాయిలో శానిటరీ ఇంజినీరింగ్ చదివి రైల్వేలో ఉద్యోగం చేసిన మనిషి. ఆ రోజుల్లో అది చిన్న ఉద్యోగం కాదు. భార్యా బిడ్డా పోయినాక అదంతా వదిలేసి సబర్మతి ఆశ్రమానికి పోయాడు, ఉప్పు సత్యాగ్రహంలో జైలుకి పోయాడు, తర్వాత కొమరవోలు ఆశ్రమం, ఆ తర్వాత నెల్లూరు. నాకర్థమైనంత వరకు ఆయనది రాజకీయం కన్నా భక్తి ఎక్కువ. దేవుడి ముందర కొందరు నిలబడి కొందరు బయట నిలబడ్డం దేవుడికి అవమానం అనేది ఆయన బాధ, ఆ తప్పు చేసింది మనం కాబట్టి ఆకలి కూడా మనమే పడాలి అనేది ఆయన లెక్క. ఉపవాసం మనకి కొత్తా ఏంది, ఏకాదశికి ఉంటాం, శివరాత్రికి ఉంటాం, పుణ్యం మనకి రావాలని ఉంటాం. ఈయన ఎవరో మాలోళ్ళు మాదిగోళ్ళు గడప దాటాలని ఉన్నాడు.

ఇంక అసలు సంగతి. గుడి దీక్షల తర్వాత ఆయన ఇంకో దీక్ష చేశారు. దళితుల బాగు కోసం ప్రభుత్వం ఏదన్నా గట్టిగా చెయ్యాలని. దానికి మద్రాసు ప్రభుత్వం దిగొచ్చి కలెక్టర్లకి ఆర్డరు ఇచ్చింది, వారంలో కనీసం ఒక రోజన్నా ఆ పని మీద పెట్టండి అని. వారానికి ఒక రోజు! ఇది చదివిన రోజు నాకు రాత్రి నిద్ర పట్టలేదండీ, ఎందుకంటే నేను రెవెన్యూలో సీనియర్ అసిస్టెంటుగా రిటైర్ అయినోడిని, ఇప్పుడు అదే పని నెలకో రోజు ఎట్టా జరుగుతుందో నా చేత్తో రాసినోడిని.

మీకు తెలిసే ఉంటది, ప్రతి నెలా 30న పౌర హక్కుల దినం అని చెయ్యాలి. సివిల్ రైట్స్ డే అంటాం ఆఫీసులో. తహసీల్దారు గారు, ఎస్ఐ గారు ఏదో ఒక ఊరికి పోయి ఎస్సీ కాలనీలో కూర్చోని, అంటరానితనం ఉందా, గుళ్ళోకి రానిస్తన్నారా, టీ కొట్టులో రెండు గ్లాసులు పెడతన్నారా, బోరు దగ్గర నీళ్ళు పట్టుకోనిస్తన్నారా అని అడగాలి, 1955 పౌర హక్కుల పరిరక్షణ చట్టం గురించి 1989 ఎస్సీ ఎస్టీ అట్రాసిటీ చట్టం గురించి చెప్పాలి. మంచి ఆలోచనే. నేను పని చేసిన మండలంలో (పేరెందుకు, అందులో ఇప్పుడున్న వాళ్ళ తప్పేం లేదు) ఎట్టా జరిగేదంటే, 30 పొద్దున్నే ఆఫీసులో కూర్చోని మినిట్స్ (మీటింగ్‌లో ఎవరేం చెప్పారనే రికార్డు) ముందే రాసేసేవాడిని. "గ్రామంలో అంటరానితనము లేదని, అందరూ సఖ్యతగా ఉన్నారని గ్రామస్తులు తెలియజేసినారు." గ్రామస్తులు ఇంకా నిద్ర లేచుండరు, వాళ్ళేం తెలియజేశారో నేను రాసేసేవాడిని. ఊరి పేరు దగ్గర మాత్రం ఖాళీ పెట్టేవాడిని, ఎస్ఐ గారికి ఏ ఊరు దారిలో పడుతుందో తెలీదు గదా.

అట్టా ఎన్ని నెలలు రాశానో నాకే గుర్తు లేదు. ఒక్కసారి మాత్రం సంతకాలు పెట్టించుకోడానికి నేను కూడా పోవాల్సొచ్చింది. వేపచెట్టు కింద నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు, వెనకాల ఫ్లెక్సీ, ఫ్లెక్సీ మీద తేదీ దగ్గర కాయితం అంటించుండాది ఎందుకంటే ప్రతి నెలా అదే ఫ్లెక్సీ. పది గంటలకి మీటింగ్ అన్నారు, పన్నెండు దాటింది సార్లు వచ్చేసరికి. పనికి పోవాల్సిన ఆడోళ్ళు ఆగిపోయారు, నేల మీద కూర్చున్నారు. ఏమన్నా సమస్యలుంటే చెప్పండమ్మా అని అడిగితే ఒకరు పింఛను అన్నారు, ఒకరు కరెంటు స్తంభం ఒరిగిందన్నారు. సరే సరే రాసుకో అన్నారు సార్లు. నేను రాసుకోలేదు, రాసేది ముందే అయిపోయింది గదా.

లేవబోతుంటే ఒక ముసలామె, డెబ్బై పైనే ఉంటాయి, కూర్చున్న చోటు నుంచే అడిగింది. "అయ్యా, నవమికి మా కాడ చందా తీసకపోతారు. ఇంటికి రెండొందలు. రాములోరి ఊరేగింపు మాత్రం మా వీధి మొగ దాకా వచ్చి తిరుక్కోనిపోద్ది. మా రెండొందలు ఆడ దాకే పనికొస్తయ్యా?" అని. ఎవరూ మాట్లాడలేదు. ఊరి సర్పంచ్ పక్కనే ఉన్నాడు, కాలనీ రోడ్డు ఇరుకమ్మా, వాహనం తిరగదు అన్నాడు. ఆమె ఏం అన్లేదు, రోడ్డు వైపు చూసింది. ఆ రోడ్డు మీదే మా జీపు వచ్చి ఆగుండాది.

నేను ఊరుకోలేక మీటింగ్ అయినాక ఆమెని అడిగాను, అవ్వా గుళ్ళోకి పోతారా మీరు అని. "పోనీరని ఎవురంటార్లే నాయనా ఇప్పుడు. పోతే పోవచ్చు" అంది. మరి పోతారా అంటే, "ధ్వజస్తంభం కాడ దణ్ణం పెట్టుకోని వచ్చేస్తా" అంది. ఎందుకంటే చెప్పింది. ఒకసారి లోపలికి పోయిందంట, అందరూ వరసలో నిలబడ్డారంట, పూజారి గారు శఠగోపం పెడతా వచ్చారంట ఒక్కొక్కరి తల మీద, ఈమె ముందరి మనిషి దాకా వచ్చి వరస అయిపోయిందన్నట్టు వెనక్కి తిరిగిపోయారంట. తీర్థం మాత్రం పోశారంట, జానెడు ఎత్తు నుంచి. "నా చేతిలో సగం పడ్డాయి, సగం నేల మీద పడ్డాయి" అంది. కోపంగా కూడా చెప్పలేదండీ, వాన రాలేదు అన్నట్టు చెప్పింది.

చట్టం ప్రకారం ఇది కేసు అవుద్దా? రాజ్యాంగంలో 17వ అధికరణం అంటరానితనం రద్దు అంది, గుళ్ళు అందరికీ తెరిపించే చట్టం ప్రభుత్వం చెయ్యొచ్చని 25లో ఉంది. సరే, శఠగోపం పెట్టకుండా తిరిగిపోయిన చెయ్యి మీద ఏం సెక్షన్ పెడతారు? సెక్షన్ ఏదన్నా దొరికినా ఆ మనిషి మనసు మార్చడం ఎస్ఐ గారి వల్ల కాదు, హైకోర్టు వల్ల కూడా కాదు. అందుకే ఇది భక్తులు చెయ్యాల్సిన పని, ఇందాక నేను చెప్పిన శ్రీరాములు గారి లెక్క ఇక్కడికే వస్తుంది. గవర్నమెంట్ తలుపు తెరిపించగలదు, లోపల నిలబడ్డ వాళ్ళు జరిగి చోటివ్వాల.

అదే మీటింగ్‌లో ఒక కుర్రాడు, డిగ్రీ చదివినోడు, నాతో గొడవేసుకున్నాడు. "గుడి ఎవరిక్కావాలి సార్, మా శ్మశానానికి దారి లేదు, పొలం గట్ల మీద శవాన్ని మోసుకుపోతన్నాం, అది రాయండి" అన్నాడు. అంబేద్కర్ గారి పేరు చెప్పాడు. కరెక్టే చెప్పాడు, అంబేద్కర్ 1930లో నాసిక్ కాలారాం గుడి దగ్గర వేల మందితో సత్యాగ్రహం మొదలెట్టి ఏళ్ళ తరబడి నడిపారు, తలుపు తియ్యలేదు. 1933లో ఆలయ ప్రవేశ బిల్లుకి గాంధీ గారు సపోర్ట్ అడిగితే ఇవ్వలేదు, గుడిలోకి రానిస్తే సరిపోదు మా బతుకులు మారాలి, కులమే పోవాలి అన్నారు. ఆ కుర్రాడి ముందు నా దగ్గర జవాబు లేదు. దారి గురించి రాస్తానని చెప్పాను, రాశాను, అది ఎక్కడో ఫైల్లో ఉంటది. వాళ్ళకి గుడి అవసరమా కాదా అనేది వాళ్ళిష్టం. చందా పుస్తకం పట్టుకోని వాళ్ళింటికి పోయేది మనం, తీర్థం ఎత్తి పోసేది మనం, కాబట్టి ఈ ముక్క మటుకు మనమే సరిచేసుకోవాల.

చేసినోళ్ళు లేరా అంటే ఉన్నారు. 2018 ఏప్రిల్ 16న హైదరాబాద్ జియాగూడ రంగనాథస్వామి గుళ్ళో చిలుకూరు బాలాజీ గుడి అర్చకులు సి.ఎస్. రంగరాజన్ గారు ఒక దళిత భక్తుణ్ణి భుజాల మీద ఎక్కించుకోని మేళతాళాలతో గుళ్ళోకి తీసుకుపోయారు. మునివాహన సేవ అంటారు దాన్ని. తిరుప్పాణాళ్వారు (అంటరాని కులం అన్న ఇంట్లో పెరిగిన విష్ణు భక్తుడు) కథ తెలిసిందే గదా, శ్రీరంగంలో కావేరి ఒడ్డున పాడుకుంటా మైమరచిపోయుంటే గుడి పూజారి లోకసారంగముని అడ్డం తొలగమని రాయి విసిరాడు, ఆ దెబ్బ పోయి రంగనాథుడి నుదుటి మీద తగిలింది, నెత్తురు కారింది, స్వామే ఆజ్ఞ ఇస్తే ఆ ముని ఆళ్వారుని భుజం మీద మోసుకోని గర్భగుడి దాకా తెచ్చాడు. ఈ కథ ప్రతి వైష్ణవుడికీ వచ్చు, పాశురాలు వచ్చు, మోసింది మాత్రం ఇన్నాళ్ళకి ఒకాయన. టీవీలో చూసి నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి, అబద్ధం ఎందుకు. కానీ మరుసటి రోజు మా ఇంట్లోనే ఒకరు ఏమన్నారో తెలుసా, "మోస్తే మోశాడులే, గుళ్ళో సంప్రోక్షణ చేసుకోనుంటారు" అని. సొంత ఇంట్లో, నా ఎదురుగా. నేను కాఫీ తాగకుండా లేచి బయటికొచ్చేశాను, అదే నేను చేసిన పోరాటం.

ఈ ఉత్తరం చదివి ఒకాయన ఫోన్ చేస్తాడు నాకు తెలుసు, హిందువులనే ఎందుకంటావయ్యా చర్చిల్లో లేదా అని. ఉంది, ఎందుకు లేదు. మాల చర్చి వేరు మాదిగ చర్చి వేరు ఉన్న ఊళ్ళు నేనే చూశాను, సమాధుల తోటలో గోడలు ఉన్నాయి. కర్నూలు జిల్లా నుంచి వచ్చిన పూల ఆంథోనీ గారు 2022లో కార్డినల్ అయితే ప్రపంచమంతా మొదటి దళిత కార్డినల్ అని రాశారు, అన్ని వందల ఏళ్ళు పట్టిందని అర్థం. అట్టాగే ఇంకోటి కూడా ఒప్పుకోవాలి, 1985 జూలైలో కారంచేడులో దళితుల్ని చంపిన ఆ దారుణం జరిగి జనం ప్రాణాలు అరచేతిలో పెట్టుకోని చీరాలకి పరిగెత్తొస్తే వాళ్ళు తలదాచుకుంది చర్చి ఆవరణలో. మన గుళ్ళు కూడా ఆ రాత్రి తెరిచుంటే ఎంత బాగుండేది అని ఇప్పటికీ అనుకుంటా.

నేను అడిగేది పెద్దదేం కాదండీ. మార్చి 16న శ్రీరాములు గారి జయంతి వస్తుంది, మళ్ళీ దండలు తెస్తారు. ఆ రోజు సభలో 58 రోజుల గురించి చెప్పేవాళ్ళు రెండు నిమిషాలు మూలపేట గురించి కూడా చెప్పమనండి. మా వైశ్య సంఘం వాళ్ళకి నేను విడిగా లెటర్ రాశాను, నవ్వినోళ్ళ మనవలం మనం, ఆయన పేరు మీద అన్నదానం చేస్తే కాలనీలో చెయ్యండి, అక్కడే కూర్చోని వాళ్ళతో తినండి అని. ఇంకా రిప్లై రాలేదు. ఇంక పౌర హక్కుల దినానికి ఎస్ఐ గారు తహసీల్దారు గారు ఇద్దరే పోతే చాలదు, ఆ ఊరి గుడి కమిటీ ప్రెసిడెంటు, పూజారి గారు, పాస్టర్ గారు కూడా వచ్చి ఆ కుర్చీల్లో కాకుండా నేల మీద కూర్చోవాల, మీటింగ్ అయినాక అందరూ కలిసి గుడి దాకా నడవాల. దేవాదాయ శాఖ వాళ్ళు గుళ్ళకి ఎన్ని సర్క్యులర్లు పంపిస్తారు, హుండీ లెక్క, టికెట్ రేటు, ఊరేగింపు ఏ వీధుల్లో తిరుగుతుంది అని ఒక్క కాలమ్ పెట్టడానికి ఏం ఖర్చవుతుంది?

మీకు కూడా ఒక మాట. నెల నెలా సివిల్ రైట్స్ డే ఫోటో మీరే వేస్తారు, ఎవరో పంపించింది పంపించినట్టు వేస్తారు, కింద రెండు లైన్లు, ఆ లైన్లు నా బోటి వాడు పొద్దున్నే రాసినవి. ఈ సారి రిపోర్టర్‌ని 30న పంపకండి, నాలుగు రోజులు ఆగి పంపండి, కుర్చీలు తీసేసినాక. టీ కొట్టు దగ్గర ఒక అరగంట కూర్చోమనండి, ఎవరు గ్లాసులో తాగుతున్నారో ఎవరికి పేపర్ కప్పు ఇస్తున్నారో ఆయనే చూస్తాడు. ఇప్పుడు రెండు గ్లాసులు లేవు, పేపర్ కప్పులొచ్చాయి గదా, ఇంక ఏ మినిట్స్ బుక్కులోకీ ఎక్కదు అది.

ఆ ముసలామె ఊరు మా ఊరికి పదకొండు కిలోమీటర్లు. రిటైర్ అయినాక రెండుసార్లు పోయాను. కిందటేడు నవమి రోజు కూడా పోయి వీధి మొగలో నిలబడ్డాను, ట్రాక్టర్ మీద స్వామి వచ్చాడు, మైకులో పాట, బాణాసంచా, మామూలుగానే అక్కడ రివర్స్ చేశారు. తిప్పడానికి నాలుగు సార్లు ముందుకీ వెనక్కీ ఆడించాల్సొచ్చింది డ్రైవర్, రోడ్డు అక్కడే ఇరుకు, ముందుకి పోతే కాలనీలో వెడల్పే ఉంది. ఆమె కొబ్బరికాయ పట్టుకోని నిలబడి ఉంది, నన్ను గుర్తుపట్టింది. "ఇదే అయ్యా నేనాడ చెప్పింది" అంది. ఈసారి నవమికి ఆ ఊరి కమిటీ వాళ్ళతో ముందుగా మాట్లాడదామని ఇద్దరు రిటైర్డ్ టీచర్లని, ఒక ఆచార్యుల గారిని అడిగాను. టీచర్లు వస్తామన్నారు. ఆచార్యుల గారు చూద్దాం అన్నారు. నవమికి ఇంకా టైముంది, మళ్ళీ పోయి అడుగుతా.

ఇట్లు,
ఒక రిటైర్డ్ రెవెన్యూ ఉద్యోగి,
శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా